ఇనుప ఓడ లెక్కలో మనిషి ప్రాణం

యుద్ధక్రీడల కథ – 11వ భాగం

కిందటి భాగం ప్రష్యా సైనికాధికారుల బల్ల దగ్గర ఆగింది. మన చతురంగం పారశీకుల దగ్గర చత్రంగ్, అరబ్బుల దగ్గర షత్రంజ్ అయి, ఐరోపా చేరి చెస్ అయింది. 1780లో బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ దాన్ని వెయ్యికి పైగా గళ్లున్న యుద్ధపటంగా పెంచాడు. 1824లో రైస్విట్జ్ అనే యువ సైనికాధికారి ఆ గళ్లను కూడా చెరిపేసి, అసలు సిసలు భూపటం మీద ఆడించాడు. ఇక్కడిదాకా చూశాం. ఇప్పుడు సైన్యాలు పక్కకు తప్పుకుంటాయి. ఒక మనిషి, ఎదురుగా ఇంకో మనిషి, ఇద్దరి చేతుల్లో కత్తులు. వెయ్యిమంది చావును పాచికలతో తేల్చడానికి ఎవరూ జంకలేదు. ఒక్కడి చావును తేల్చాల్సి వచ్చినప్పుడు మొదలైన గొడవ యాభై ఏళ్లు దాటినా సద్దుమణగలేదు.

రైస్విట్జ్ గురించి చెప్పాల్సినది కొంచెం మిగిలింది. ఆయన పట్టికల్లోని అంకెలు ఊహించి రాసినవి కావు. ప్రష్యా సేనాని షార్న్‌హోర్స్ట్ జరిపించిన కాల్పుల పరీక్షల్లో ఏ తుపాకీ ఎంత దూరంలో ఎన్ని గుండ్లు తగిలించిందో లెక్కలు ఉన్నాయి. వాటి మీద ఆధారపడి కట్టిన పట్టికలవి. దెబ్బతిన్న దళం ఒక్కసారిగా మాయమైపోదు, దాని బలం అంకెల్లో తరుగుతూ వస్తుంది. అంతా పద్ధతిగా ఉంది. పద్ధతి మరీ ఎక్కువై, రెండు నిమిషాల యుద్ధాన్ని ఆడడానికి బల్ల దగ్గర గంటలు పట్టేది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే సేనాని ఈ పట్టికలన్నీ పక్కన పెట్టమన్నాడు. యుద్ధం చూసిన అనుభవజ్ఞుడు అంపైరుగా కూర్చుని, ఏం జరిగి ఉంటుందో తన తీర్పు చెబితే చాలన్నాడు. అప్పటి నుంచి క్రీగ్‌స్పీల్ అనే ఈ యుద్ధక్రీడకు రెండు శాఖలు: పట్టిక మాట చెల్లేది ఒకటి, పెద్దమనిషి మాట చెల్లేది ఇంకొకటి.

పెద్దమనిషి మాట అమెరికాకు దొడ్డిదారిన చేరింది. చార్లెస్ టాటెన్ అనే అమెరికన్ సైనికాధికారి 1880లో ‘స్ట్రాటెగోస్’ అనే యుద్ధక్రీడ పుస్తకం అచ్చువేశాడు. దాదాపు తొంభై ఏళ్ల తరవాత మినెసోటా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అది డేవిడ్ వెస్లీ అనే కుర్రాడి కంటబడింది. ఆటగాడు ఏ పని అయినా చేయబూనవచ్చు, అది పారిందో లేదో అంపైరు చెబుతాడన్న సూత్రం వెస్లీకి నచ్చింది. 1969లో ఆ సూత్రంతోనే తన మిత్రుల చేత ‘బ్రౌన్‌స్టైన్’ అనే ఆట ఆడించాడు. ఆ ఆటలో ఒక్కొక్కరూ ఒక్కో పటాలాన్ని నడపలేదు, ఒక్కో మనిషి పాత్ర పట్టుకున్నారు. ఆ మిత్రుల్లో డేవ్ ఆర్నెసన్ ఒకడు.

ఇక పట్టిక మాట పక్కరాష్ట్రం విస్కాన్సిన్‌లో, లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో వర్ధిల్లుతోంది. అక్కడి గ్యారీ గైగాక్స్ షికాగోలో బీమా కంపెనీ ఉద్యోగం పోగొట్టుకుని, ఇంటి నేలమాళిగలో చెప్పులు బాగుచేస్తూ, మిగిలిన వేళల్లో మధ్యయుగపు యుద్ధాలకు నియమాలు రాసుకునే మనిషి. 1971లో ఆయనా జెఫ్ పెరెన్ కలిసి ‘చెయిన్‌మెయిల్’ అనే పుస్తకం తెచ్చారు. సీసపు బొమ్మలతో పెద్ద పెద్ద పోరాటాలు ఆడుకోవడానికి రాసింది. అందులో ఒక చిన్న అధ్యాయం మనిషికీ మనిషికీ మధ్య పోరుది. ఈ కథంతా అక్కడ మొదలవుతుంది.

ఆ అధ్యాయంలో ఒక పట్టిక ఉంది. ఒక వైపు ఆయుధాలు, ఇంకో వైపు ఎదుటివాడి కవచాలు. గొలుసు కవచం మీద ఈ ఆయుధం ఎలా పనిచేస్తుంది, ఇనుప పలకల కవచం మీద ఎలా పనిచేస్తుంది, డాలు అడ్డుంటే ఏమవుతుంది, అన్నీ వేరువేరు అంకెలు. రెండు పాచికలు వేసి ఆ అంకెను చేరినా దాటినా దెబ్బ తగిలినట్టు. తగిలితే చచ్చినట్టు. అంతే, గాయపడడం అనేదే లేదు. ఎవరు ముందు కొట్టాలన్నదానికి ఆయుధం పొడవును చూశారు: పొడవైన ఆయుధం ముందు తగులుతుంది, ఆ తరవాత లోపలికి దూరాక పొట్టిదానిది పైచేయి. ఈ మాట కత్తి పట్టినవాడెవడైనా ఒప్పుకునేదే. తరవాత వచ్చిన ఎన్నో లావుపాటి పుస్తకాలకన్నా ఆ ఒకటి రెండు పుటల్లోనే కత్తిపోరు గురించిన నిజం ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది. సీసపు బొమ్మ చస్తే ఏడ్చేవాడు లేడు కనక ఆ నిజం ఎవరికీ బరువు కాలేదు.

ఆర్నెసన్ ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి తన ‘బ్లాక్‌మూర్’ ఆటలో వాడి చూశాడు. అక్కడ చిక్కు వచ్చింది. ఆటగాడి చేతిలో ఉన్నది బొమ్మల గుంపు కాదు, పేరున్న ఒక్క మనిషి. ఆ మనిషి కోట కింది సొరంగాల్లోకి దిగుతాడు, మొదటి పాచిక తిరగబడితే పోతాడు. ఒకటి రెండు పూటలు ఆడేసరికి జనం తమ మనుషుల మీద మమకారం పెంచుకున్నారనీ, ఒక్క దెబ్బకు పోవడానికి ఒప్పుకోలేదనీ ఆర్నెసన్ తరవాత ఎన్నోసార్లు చెప్పాడు. పరిష్కారం కోసం ఆయన తన దగ్గరే ఉన్న ఇంకో ఆటలోంచి ఒక పద్ధతిని పట్టుకొచ్చాడు. అది అమెరికా అంతర్యుద్ధం నాటి ఇనుప తొడుగు ఓడల ఆట.

1862 మార్చి 9న హాంప్టన్ రోడ్స్ రేవులో ‘మానిటర్’, ‘వర్జీనియా’ అనే రెండు ఇనుప తొడుగు ఓడలు గంటల తరబడి ఒకదాన్నొకటి ఫిరంగులతో కొట్టుకున్నాయి. రెండూ మునగలేదు. అలాంటి ఓడలకు ఆట రాయాలంటే రెండు అంకెలు కావాలి: తొడుగు ఎంత దళసరి, ఓడ ఎన్ని దెబ్బలకు ఓర్చుకుంటుంది. ఆర్నెసన్ ఈ రెంటినీ మనిషికి తొడిగాడు. మొదటిది ‘ఆర్మర్ క్లాస్’, రెండోది ‘హిట్ పాయింట్లు’. మన పిల్లలు ఫోనులో ఆడే ఆటల్లో తెర మీద ఎర్రగా తరుగుతూ కనిపించే ‘లైఫ్’ గీత ఉంది చూడండి, దాని వంశం ఆ రేవులో తేలుతుంది. గొలుసు కవచం తొడుక్కున్న రాకుమారుడు నిజానికి చిన్న యుద్ధనౌక.

ఓడకు అది నప్పింది. ఓడకు ఒక చోట చిల్లు పడితే ఇంకో చోట ఫిరంగి పేలుతూనే ఉంటుంది. మనిషి అలా కాదు. చేతి నరం తెగితే కత్తి జారిపోతుంది. డొక్కలో బాకు దిగితే మిగతా ఒళ్లంతా చెక్కుచెదరకుండా ఉన్నా లాభం లేదు. హిట్ పాయింట్లున్న మనిషి మాత్రం నలభై ఉన్నప్పుడు ఎంత బలంగా కొడతాడో ఒక్కటి మిగిలినప్పుడూ అంతే బలంగా కొడతాడు. ఆ ఒక్కటీ పోయిందా, దబ్బున కూలతాడు.

1974 జనవరిలో గైగాక్స్, ఆర్నెసన్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ విడుదల చేశారు. చెక్క రంగు పెట్టె, లోపల మూడు పలచటి పుస్తకాలు, వెల పది డాలర్లు, తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. అందులో పోరుకు రెండు దారులున్నాయి. చెయిన్‌మెయిల్ పట్టికలు వాడుకోమన్నది ఒకటి, ఇరవై ముఖాల పాచికతో ‘ప్రత్యామ్నాయ’ పద్ధతి ఇంకోటి. చాలామంది దగ్గర చెయిన్‌మెయిల్ లేదు. అందువల్ల ప్రత్యామ్నాయమే అసలుది అయి కూర్చుంది. ఆ పెట్టెలో ఏ ఆయుధంతో కొట్టినా దెబ్బ ఒక ఆరుముఖాల పాచిక. బాకైనా అంతే, రెండు చేతుల కత్తి అయినా అంతే.

జనం నవ్వారు. మరుసటి ఏడు ‘గ్రేహాక్’ అనే అనుబంధం వచ్చింది, ఆయుధానికో పాచిక వచ్చింది. బాకుకు నాలుగు ముఖాలది, పొడవు కత్తికి ఎనిమిది ముఖాలది, రాక్షసాకారాల మీదైతే పన్నెండు ముఖాలది. నిజానికి దగ్గరవుతున్నాం అనుకున్నారు. జరిగింది ఇంకోటి. యుద్ధభూముల్లో తరతరాలుగా లోకమంతా మోసిన ఆయుధం ఈటె. చవక, పొడుగు, నేర్పడం తేలిక. ఈ కొత్త అంకెల్లో ఈటె పట్టుకోవడానికి కారణమే లేకుండా పోయింది. అందరి నడుముకూ పొడవు కత్తే. 1979 నాటి పుస్తకంలో దొరికే మంత్రపు కత్తుల పట్టిక చూస్తే నూటికి డెబ్బై పొడవు కత్తులే. ఇక వేరే ఆయుధం ఎవడు పడతాడు? అన్ని ఆయుధాలకూ ఒకే పాచిక ఉన్న అబద్ధపు లెక్కలో ఈటెకు చోటుండేది. తేడాలు చూపబోయిన లెక్కలో దానికి చోటు పోయింది.

ఈ వ్యవహారం మీద అసలైన తిరుగుబాటు కాలిఫోర్నియా నుంచి వచ్చింది. అక్కడ కొందరి దగ్గర మిగతావాళ్ల దగ్గర లేనిది ఒకటుంది: ఒంటి మీద కమిలిన మచ్చలు.

1966 మే 1న బర్క్‌లీలో రచయిత్రి డయానా పాక్సన్ ఇంటి పెరట్లో మధ్యయుగాల వేషాలతో ఒక పోటీ జరిగింది. మూన్నాళ్ల ముచ్చట అనుకున్నది ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం’ అనే సంఘమై ఇప్పటికీ నడుస్తోంది. వాళ్లు నిజమైన కవచాలు తొడుక్కుని, పేము కర్రలతో చేసిన కత్తులతో, జోరు తగ్గించకుండా కొట్టుకుంటారు. దెబ్బ గట్టిగా తగిలిందో లేదో తిన్నవాడే చెప్పాలి. అది వాళ్ల మర్యాద. చేతికి తగిలిందని ఒప్పుకుంటే ఆ చేయి వాడకూడదు. తొడకు తగిలితే మోకాళ్ల మీద నిలబడి పోరాడాలి. ఆ సంఘంలో తొలినాళ్ల నుంచీ ఉన్న స్టీవ్ పెర్రిన్‌కు డంజన్స్ అండ్ డ్రాగన్స్ పోరు చూస్తే ఒళ్లు మండింది. కొట్టినప్పుడు ఎదుటివాడు కత్తి అడ్డుపెట్టడా? కవచం దెబ్బను తప్పిస్తుందా, తగిలిన దెబ్బను తగ్గిస్తుందా? కాలు మీద దెబ్బకూ తల మీద దెబ్బకూ తేడా ఏదీ? 1976లో తన సవరణలను కాగితాల మీద పంచిపెట్టాడు. వాటిని జనం ‘పెర్రిన్ కన్వెన్షన్స్’ అన్నారు. రెండేళ్లకు, గ్రెగ్ స్టాఫోర్డ్ కెయాసియం సంస్థ కోసం, రే టర్నీ, స్టీవ్ హెండర్సన్ ప్రభృతులతో కలిసి పూర్తి ఆటే రాశాడు: ‘రూన్‌క్వెస్ట్’.

రూన్‌క్వెస్ట్‌లో మనిషి ఎంత అనుభవం సంపాదించినా అతని ఒంట్లో రక్తం పెరగదు. పెరిగేది నేర్పు, కొట్టడంలోనూ కాచుకోవడంలోనూ. కవచం దెబ్బలోంచి కొంత మింగుతుంది. దెబ్బ తగిలాక ఇరవై ముఖాల పాచిక మళ్లీ వెయ్యాలి, ఎక్కడ తగిలిందో తెలుసుకోవడానికి: 1 నుంచి 8 దాకా కాళ్లు, 9 నుంచి 11 దాకా పొట్ట, 12 ఒక్కటే ఛాతీ, 13 నుంచి 18 దాకా చేతులు, 19, 20 పడితే తల. ఆ ఆట ఆడినవాళ్ల కథల్లో ఎప్పుడూ ఎవరి కాలో తెగిపడుతూ ఉంటుంది. ఎంత ఆరితేరిన వీరుడైనా ఓ అల్పుడి అదృష్టపు దెబ్బకు పోవచ్చు.

ఇది నిజమేనా? తేల్చడానికి మనకు ఎముకలున్నాయి.

1361 జులైలో బాల్టిక్ సముద్రంలోని గోట్లాండ్ దీవి మీద డెన్మార్క్ రాజు వాల్డెమార్ దండెత్తాడు. విస్బీ పట్నం గోడల బయట దీవి రైతుల సేనను ఊచకోత కోశాడు. ఎండాకాలం కావడంతో శవాలను కవచాలైనా విప్పకుండా గుంతల్లో పూడ్చారు. 20వ శతాబ్దం తొలి సగంలో ఆ గుంతలు తవ్వితే వెయ్యిమందికి పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. కత్తి గాట్లలో అత్యధికం కాళ్ల మీద, అందులోనూ మోకాలి కింది ఎముక మీద. రూన్‌క్వెస్ట్ పాచికకు సాక్ష్యం దొరికిందనుకోవచ్చు. కానీ 1996లో ఇంగ్లాండులోని టౌటన్ దగ్గర, 1461 నాటి యుద్ధంలో చచ్చినవాళ్ల గుంత ఒకటి బయటపడింది. అక్కడ పరీక్షించిన 28 కపాలాల్లో 27 మీద గాయాలున్నాయి, ఒక్కో కపాలం మీద నాలుగైదు, అంతకు మించీ. కాళ్ల ఊసు లేదని కాదు గానీ కథంతా తలల మీదే. రెండూ ఐరోపాలోనే, మధ్య నూరేళ్ల తేడా. ఒకచోట డాలు పైభాగాన్ని కాసి ఉండవచ్చు, ఇంకోచోట శిరస్త్రాణాలు పారేసి పరుగెత్తుతున్నవాళ్లను వెంటాడి నరికి ఉండవచ్చు, పట్టుబడ్డవాళ్లను చంపి ఉండవచ్చు. మెత్తటి పొట్టలో దిగిన పోటు ఎముక మీద గుర్తే వదలకపోవచ్చు. నిజం ప్రకారం పట్టిక రాస్తానన్నవాడు ఏ గుంత ప్రకారం రాయాలి?

ఇంకో విచిత్రం. పెర్రిన్ మిత్రుల పేముకర్రల పోరులో మోకాలి కింద కొట్టడం నిషిద్ధం, ఎముకలు విరుగుతాయని. అంటే విస్బీలో ఎక్కువమంది తిన్న దెబ్బను వాళ్లలో ఎవరూ తినలేదు. అనుభవం అనేదానికి కూడా నియమాలుంటాయి, ఆ నియమాలు అనుభవంలో కలిసిపోయి కనబడకుండా పోతాయి. ఇది మనకు కొత్త కాదు. నాభి కింద కొట్టకూడదన్నది గదాయుద్ధ ధర్మం. ఆ ధర్మంలోనే పెరిగిన దుర్యోధనుడి తొడను భీముడు విరగ్గొడితే బలరాముడికి వచ్చిన కోపం తెలిసిందే. గురువు దగ్గర నేర్చుకున్న గదాయుద్ధం వేరు, ఆ రోజు మడుగు ఒడ్డున జరిగింది వేరు.

రూన్‌క్వెస్ట్ అంత నెత్తుటి ఆట అయ్యుండీ నిలబడింది ఎలాగ? రహస్యం పోరు అధ్యాయంలో లేదు, మంత్రాల అధ్యాయంలో ఉంది. ఆ లోకంలో దాదాపు ప్రతి సాహసికుడికీ గాయాలు మాన్పే మంత్రం వచ్చు. గట్టిగా నేర్చుకుంటే తెగిన కాలును సకాలంలో అతికించే మంత్రం కూడా. కాళ్లు నరికే పాచిక ఒక చేత్తో ఇచ్చి, అతికించే మంత్రం రెండో చేత్తో ఇచ్చారు. పెర్రిన్ ప్రభృతులు తెలివైనవాళ్లు. నిజం ఉంటే చాలదు, ఆదివారం ఆడిన మనిషి మళ్లీ వచ్చే ఆదివారం బతికి ఉండాలని వాళ్లకూ తెలుసు. గైగాక్స్ ఓడ లెక్కతో చేసిన పనే వీళ్లు మంత్రంతో చేశారు. మర్యాద మాత్రం కత్తికి దక్కింది.

గైగాక్స్ సమాధానం 1979లో వచ్చింది, ‘అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్’ నిర్వాహకుల పుస్తకంలో. ఈ ఆట దేన్నీ అచ్చంగా అనుకరించడానికి పుట్టలేదని అందులో తెగేసి చెప్పాడు. హిట్ పాయింట్లలో ఒంటి బలం కొంతే. మిగతాది నేర్పు, అదృష్టం, దేవతల చల్లని చూపు అన్నాడు. పెద్ద వీరుడి నలభై పాయింట్లు పోవడమంటే నలభై పోట్లు దిగాయని కాదు, కొద్దిలో తప్పించుకుంటూ అలసిపోయాడని. అవయవాల పట్టికలూ రెట్టింపు దెబ్బలూ పెట్టమని అడిగేవాళ్లకు ఆయన జవాబు ఇంకా సూటిది. రాక్షసుల మీద మీకు ఆ వరం కావాలంటే రాక్షసులకూ మీ మీద అదే ఇవ్వాలి. రాక్షసులు వస్తూనే ఉంటారు, మీ వీరుడు ఒక్కడే. ఎవరు ముందు పోతారో లెక్కేసుకోండి.

ఈ లెక్కను కాదనడానికి లేదు. ఒక పోరులో నూటికి అయిదు వంతుల ప్రమాదం రాక్షసుడికి జీవితంలో ఒకసారి. వీరుడికి ప్రతి శనివారం. ఆటగాళ్లు దాన్ని ఒప్పుకోకపోయినా అంకెలు ఒప్పుకుంటాయి. హిట్ పాయింట్లకు ఆయన చెప్పిన భాష్యం మాత్రం నాకు అతుకుల బొంతలా కనిపిస్తుంది. పోయినవి అదృష్టమూ నేర్పూ అయితే ‘గాయం మాన్పే మంత్రం’ దేన్ని మాన్పుతోంది? కొద్దిలో తప్పిన కత్తి మొన మీది విషం ఒంట్లోకి ఎలా ఎక్కింది? కొండ మీంచి పడ్డవాడు దేన్ని తప్పించుకున్నాడు? ఈ ప్రశ్నలు అప్పుడే అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు.

పైగా అనుకరణ మా పని కాదన్న ఆ మనిషే అదే ఆటలో ఏం పెట్టాడో చూడండి. ప్రతి ఆయుధానికీ వేగం అంకె: బాకుకు 2, పొడవు కత్తికి 5, రెండు చేతుల కత్తికి 10. ప్రతి ఆయుధానికీ ప్రతి కవచం మీద కలిపేదీ తీసేదీ చెప్పే పెద్ద పట్టిక. పొడుగు కర్రకు గొడ్డలీ కొక్కెమూ ఈటె మొనా రకరకాలుగా తగిలించిన ఐరోపా ఆయుధాల మీద గైగాక్స్‌కు పిచ్చి ప్రేమ. వాటి పేర్లే ఒక చాంతాడు. ఇంత చేసీ బాకుకు పలకల కవచం మీద దెబ్బ తగ్గించాడు. నిలబడి పోరాడుతున్నంతసేపూ అది సబబే. చరిత్రలో మాత్రం ఇనుప పలకల్లో దాక్కున్న మనిషిని ముగించింది చాలాసార్లు బాకే, కిందపడేసి, మీద కూర్చుని, కీళ్ల సందుల్లో పొడిచి. కత్తి అంచుతో పలకను నరకడం ఎవరి వల్లా కాదు. అందుకే పాత జర్మన్ కత్తిసాము గ్రంథాల బొమ్మల్లో యోధులు తమ కత్తినే సగం దగ్గర పట్టుకుని ఈటెలా పొడుస్తారు, పిడితో గదలా మోదుతారు. దీన్ని ఏ పాచికలోకి ఎక్కిస్తారు?

అదే ఆట 1978 నాటి పుస్తకంలో రెండు చేతుల కత్తి బరువు పాతిక పౌండ్లు, అంటే పదకొండు కిలోల పైమాట. మ్యూజియముల్లోని నిజమైన కత్తులను తూస్తే పెద్దవి రెండు మూడు కిలోలు, మామూలు పొడవు కత్తి కిలో, కిలోన్నర. ఆ అంకెలో మోసుకెళ్లే ఇబ్బంది కూడా కలిపామని పుస్తకం అంటుంది. చదివిన పిల్లలు ఆ సంజాయిషీ మర్చిపోయి బరువే గుర్తుపెట్టుకున్నారు. మధ్యయుగపు కత్తి గునపమంత బరువని నమ్మిన ఒక తరానికి ఆ పట్టిక కూడా ఓ గురువు.

పట్టికల దారినే పోయినవాళ్లు చివరిదాకా పోయారు. కెనడాలో సింబలిస్ట్, బ్యాక్‌హౌస్ 1977లో తెచ్చిన ‘షివల్రీ అండ్ సోర్సరీ’ భూతద్దం కావాల్సినంత సన్నటి అచ్చుతో వచ్చింది. 1980లో ‘ఆర్మ్స్ లా’ అనే పుస్తకం ఆయుధానికి ఒక నిండు పుట కేటాయించింది. ఇరవై రకాల కవచాలు అడ్డంగా, దెబ్బ అంకె నిలువుగా, ఆ పైన ఘోరగాయాలకు వేరే పట్టికలు. ఏ నరం తెగింది, ఎన్ని క్షణాల్లో చస్తాడు, అన్నీ రాసి ఉంటాయి. ఆటగాళ్లు దాన్ని ప్రేమించారు, కారణం వాస్తవికత కాదు. ఆ గాయాల వర్ణనలు నల్లటి హాస్యంతో ఉండేవి. తడబాటు పట్టికలో లేని తాబేలు కళేబరం తట్టుకుని యోధుడు పడిపోయే ఫలితం ఒకటుంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పొట్టచెక్కలయ్యేలా నవ్వడానికి అది చాలు.

కాలం దగ్గర ఎవరి దారి వాళ్లది. గైగాక్స్ ఆటలో ఒక రౌండు నిండు నిమిషం. ఆ నిమిషంలో ఎన్నో ఎత్తులూ పైఎత్తులూ నడిచాయి, లెక్కకు వచ్చే అవకాశం ఒకటే అనుకోవాలి. స్టీవ్ జాక్సన్ 1986 నాటి ‘గర్ప్స్’లో అది ఒక్క క్షణం. కత్తి ఎత్తడం ఒక క్షణం, కొట్టడం ఇంకో క్షణం. కవచాల్లేని ఇద్దరి మధ్య కత్తిపోరు నిజంగా కొన్ని క్షణాల్లో తేలిపోయేదే కాబట్టి జాక్సన్‌దే సత్యానికి దగ్గర. కానీ ఆటకు వచ్చినవాడి మనసులో ఉన్నది క్షణాల పోరు కాదు. విఠలాచార్య సినిమాలో కాంతారావు మెట్లెక్కుతూ, బల్లల మీదికి దూకుతూ, మధ్యలో విలన్‌ను దెప్పుతూ చేసే కత్తియుద్ధం లాంటిది. హాలీవుడ్‌లోనూ అదే తంతు. నిమిషపు రౌండు దానికి సరిగ్గా సరిపోతుంది.

ఇక సమతూకం. ఆ మాట అన్నప్పుడు ఎవరికీ ఎవరికీ మధ్య అని అడగాలి. 1974 నాటి ఆటలో మంత్రగాడు మొదట్లో ఒక్క మంత్రంతో, గాలికి పడిపోయే ప్రాణంతో ఉంటాడు. యోధుడు వాణ్ణి కాపాడుతూ తీసుకెళ్లాలి. బతికి బట్టకడితే పై మెట్లలో మంత్రగాడు గుంపులను బూడిద చేస్తుంటాడు, యోధుడు అదే కత్తి ఊపుతూ ఉంటాడు. మొదట ఒకరి వంతు, తరవాత ఇంకొకరి వంతు, జీవితకాలం మీద తూకం సరిపోతుందన్నది గైగాక్స్ నమ్మకం. ఏళ్ల తరబడి ప్రతి వారం ఆడే లేక్ జెనీవా నేలమాళిగలో అది సరిపోయి ఉండవచ్చు. నాలుగు నెలలు ఆడి మానేసేవాళ్లకు, నేరుగా పై మెట్టులో మొదలుపెట్టేవాళ్లకు కత్తి పట్టినవాడి బతుకు చులకనైంది.

2008లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో కూర్పు ఈ అన్యాయాన్ని సరిదిద్దబోయింది. యోధుడికీ మంత్రగాడికీ ఒకే చట్రం: ఎప్పుడైనా వాడగల విద్యలు, పోరుకు ఒకసారి వాడగలవి, రోజుకు ఒకసారి వాడగలవి. లెక్కకు ఇంత చక్కగా ఒదిగిన కూర్పు అంతకు ముందు లేదు. కానీ మంత్రం రోజుకు ఒకసారంటే నోరు మూసుకున్న జనం కత్తి వేటు రోజుకు ఒకసారంటే ఊరుకోలేదు. పొద్దున కొట్టిన దెబ్బ సాయంత్రం ఎందుకు కొట్టలేడు, మర్చిపోయాడా అన్నారు. ఎగిరే బల్లులనూ అగ్నిగోళాలనూ నమ్మినవాళ్లు అక్కడ మొరాయించారు. మంత్రం ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు, ఎలా చెప్పినా చెల్లుతుంది. చేయి ఎలా పనిచేస్తుందో మాత్రం అందరికీ తెలుసు. మరుసటి ఏడు ‘పాత్‌ఫైండర్’ అనే పోటీ ఆట పాత లెక్కలను పట్టుకుని బయల్దేరితే బోలెడంతమంది దాని వెంట నడిచారు.

ఆ నాలుగో కూర్పుకు ఆరేళ్ల ముందే, పెద్దగా చప్పుడు లేకుండా, ఈ మొత్తం తగాదాలోకెల్లా పదునైన పుస్తకం వచ్చింది: ‘ద రిడిల్ ఆఫ్ స్టీల్’. రాసినవాడు జేక్ నార్వుడ్, పాత ఐరోపా గ్రంథాల ప్రకారం కత్తిసాము చేసేవాడు. పోరు మొదట్లో ఇద్దరూ ఒకేసారి ఒక్కో పాచిక పడేస్తారు. ఎరుపు అంటే దాడి, తెలుపు అంటే కాపు. ఇద్దరూ ఎరుపు వేస్తే ఇద్దరూ ఒకేసారి కొడతారు, ఇద్దరూ పోవచ్చు. ఆ తరవాత చేతిలో ఉన్న పాచికల గుప్పెడు దాడికెంత, కాపుకెంత అని పంచుకోవాలి. హిట్ పాయింట్లు లేవు. దెబ్బ తగిలితే నొప్పి పాచికలను మింగేస్తుంది, తరవాతి క్షణం ఇంకా కష్టమవుతుంది. ఒక దెబ్బ, రెండు దెబ్బలు, కథ ముగిసింది.

మరి వీరుడు వచ్చే వారానికి ఎలా మిగులుతాడు? మంత్రంతో కాదు, ఓడ లెక్కతో కాదు. ప్రతి పాత్రకూ కొన్ని పట్టుదలలు రాసుకోమంటాడు నార్వుడ్. ఎవరి మీద మమకారం, ఎవరి మీద పగ, దేని మీద విశ్వాసం. వాటి కోసం కత్తి దూస్తే చేతిలో అదనపు పాచికలు పడతాయి, ఒక్కోసారి పోరునే తిప్పేసేటన్ని. సారా కొట్టు దగ్గర మాటా మాటా పెరిగి దూస్తే ఏమీ రాదు. దాంతో ఆ ఆట ఆడేవాళ్లు కత్తి తీసే ముందు ఆలోచించడం మొదలుపెట్టారు. నాకు తెలిసి ఈ చరిత్రలో కత్తికి భయపడడం ఆటగాడికి ఇంత బాగా నేర్పిన నియమం ఇంకోటి లేదు. అయినా అది ఇంటింటి ఆట కాలేదు. శనివారం రాత్రి పిజ్జాలు తెప్పించుకుని కూర్చున్న కుర్రాళ్లు వచ్చింది రాక్షసులను నరకడానికి. అయిదు నిమిషాల్లో తమ మనిషి నేలకొరిగితే మిగతా సాయంత్రం ఏం చేయాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పు 2014లో వచ్చింది. రౌండు నిమిషం నుంచి ఆరు సెకన్లకు తగ్గి అప్పటికి చాలా కాలమైంది. ఆయుధాల వేగం అంకెలు లేవు. కవచం వారీ పట్టిక లేదు. హిట్ పాయింట్లు ఉన్నాయి, మొదటి కూర్పులకన్నా ఎక్కువే ఉన్నాయి, రాత్రి నిద్రపోతే తెల్లారేసరికి అన్నీ తిరిగి వచ్చేస్తాయి. మోకాలి కింద దెబ్బకు వేరే లెక్క లేదు. అన్ని కూర్పుల్లోనూ సత్యం వైపు నిలకడగా నడిచిన అంకె ఒకటి మాత్రం ఉంది: రెండు చేతుల కత్తి బరువు. 1978లో పాతిక పౌండ్లు, 2003 నాటి సవరణలో ఎనిమిది, 2014లో ఆరు. మ్యూజియములోని కత్తితో దాదాపు సరిపోయింది. ఆ దిద్దుబాటుకు ఏ బల్ల దగ్గరా ఎవరూ అడ్డు చెప్పలేదు. దానివల్ల ఎవరి వీరుడూ చావలేదు మరి.

(వచ్చే భాగం: గుండు దెబ్బకు లెక్క కట్టబోయిన వాళ్లు)